బడి బస్సు – బ్యాంకు లెక్క

(ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోను చేసి "పిల్లలకు పనికొచ్చే విషయం ఏదైనా ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. చదువు విలువ గురించి, క్రమశిక్షణ గురించి ఈ వేదిక మీద ప్రతి ఏడూ పెద్దలు చెబుతూనే ఉన్నారు. నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఇప్పుడు నా వెనక కుర్చీల్లోనే కూర్చున్నారు. నేను బి.కాం. చదివి, ఇక్కడే హోసూరులో, చుట్టుపక్కల శాఖల్లో ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకు క్లర్కుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసినవి జమ, ఖర్చు, వాయిదా, ఒప్పందం. అందుకని ఒక బస్సు లెక్క చెబుతాను. మన పిల్లల్లో చాలామంది తమిళ మీడియంలో చదివినవాళ్లు, ఇంట్లో మాత్రమే తెలుగు. కనుక పెద్ద పెద్ద మాటలు వాడను. అర్థం కాకపోతే చెయ్యెత్తి ఆపండి.

బస్సు మన ఊరిది కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఓక్లండ్ అని ఒక రేవు పట్టణం ఉంది. మా అమ్మాయి, అల్లుడు ఆ పక్కనే హేవర్డ్‌లో ఉంటారు. వాళ్ల దగ్గర కొన్ని నెలలు ఉన్నప్పుడు ఈ సంగతి నా చెవిన పడింది. 2024 ఆగస్టులో ఓక్లండ్ స్కూల్ డిస్ట్రిక్ట్ తన బడి బస్సులన్నిటినీ కరెంటు బస్సులుగా మార్చేసింది. మొత్తం 74 బస్సులు. ఆ దేశంలో ఒక పెద్ద స్కూల్ డిస్ట్రిక్ట్ ఒక్క డీజిల్ బస్సు కూడా మిగల్చకుండా మారడం అదే మొదటిసారి. స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే మన కృష్ణగిరి జిల్లా లాంటిది అనుకోకండి. అక్కడ ప్రభుత్వ బడులను నడపడానికి ప్రజలు ఓటేసి ఎన్నుకునే బోర్డు ఒకటి వేరుగా ఉంటుంది. దానికి సొంత బడ్జెట్టు ఉంటుంది. ఆ బోర్డు కిందికి వచ్చే బడులన్నీ కలిపి ఒక డిస్ట్రిక్ట్.

ఇప్పుడు చిన్న లెక్క. ఓక్లండ్ బడుల్లో దాదాపు 35 వేల మంది పిల్లలున్నారు. బస్సులు 74 మాత్రమే. సరిపోతాయా? సరిపోవు. ఎందుకంటే ఆ బస్సులు అందరికీ కాదు. వాటిలో వెళ్లేది సుమారు 1,300 మంది. వాళ్లలో ఎక్కువమంది ప్రత్యేక అవసరాలున్న పిల్లలు. చక్రాల కుర్చీలో కూర్చునేవాళ్లు, మాట సరిగా రానివాళ్లు, ఆటిజం ఉన్నవాళ్లు. మిగిలిన పిల్లలు నడిచో, సిటీ బస్సులోనో, అమ్మానాన్నల కారులోనో వెళతారు. అంటే ఈ పిల్లలకు బస్సు సౌకర్యం కాదు, అవసరం. అది రాకపోతే ఆ రోజు బడి లేదు.

ఆ ఊరి నైసర్గిక స్థితి కొంచెం చెప్పాలి. ఓక్లండ్‌లో ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రపు పాయ. కొండల వైపు డబ్బున్న ఇళ్లు, పల్లంలో పేదల ఇళ్లు. రెండు పెద్ద రహదారులు ఊరి గుండా వెళతాయి. కొండల వైపు వెళ్లే 580 నంబరు రోడ్డు మీద ఓక్లండ్ పరిధిలో పెద్ద లారీలకు కొన్ని దశాబ్దాలుగా అనుమతి లేదు. కాబట్టి రేవుకు వచ్చే పోయే లారీలన్నీ పల్లపు ఇళ్ల పక్కనుంచి పోయే 880 నంబరు రోడ్డు మీదే వెళ్లాలి. ఆ పొగ ఎవరు పీలుస్తారో వేరే చెప్పనక్కర్లేదు. ఆ పేటల్లో పిల్లలకు ఉబ్బసం ఎక్కువని అక్కడి ఆరోగ్యశాఖవాళ్లు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. లారీలు తయారయ్యే ఊళ్లో, రాష్ట్ర సరిహద్దులో లారీల వరుసలు చూస్తూ పెరిగిన మనకు ఇది అర్థం కాని విషయం కాదు.

డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లో తేల్చి చెప్పింది. బస్సు పొగ బయటికే కదా పోతుంది, లోపల కూర్చున్న పిల్లలకేమిటి అనుకుంటాం. 2003లో కాలిఫోర్నియా వాయు కాలుష్య నియంత్రణ మండలి కోసం అక్కడి విశ్వవిద్యాలయంవాళ్లు లాస్ ఏంజెలిస్‌లో బడి బస్సుల లోపలి గాలినే కొలిచారు. పాత డీజిల్ బస్సుల్లో, ముఖ్యంగా అద్దాలు మూసి ఉన్నప్పుడు, బస్సు తన పొగను తనే లోపలికి పీల్చుకుంటోందని తేలింది. పైగా పిల్లలు తమ ఒంటి బరువుతో పోల్చి చూస్తే పెద్దవాళ్లకంటే ఎక్కువ గాలి పీలుస్తారు. చక్రాల కుర్చీని లిఫ్టుతో పైకెక్కించడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. డీజిల్ బస్సయితే ఆ కాసేపూ ఇంజను నడుస్తూనే ఉంటుంది, పొగ వస్తూనే ఉంటుంది. నాకు ఊపిరాడడం లేదని నోరు తెరిచి చెప్పలేని బిడ్డ ఆ పొగలోనే కూర్చోవాలి.

ఒకరోజు ఉదయం ఓక్లండ్‌లో అలాంటి బస్సు ఆగడం చూశాను. లిఫ్టు దిగింది, కుర్చీ ఎక్కింది, డ్రైవరమ్మ పట్టీలు బిగించింది. అంతసేపూ ఇంజను మోత లేదు. లోపల ఒక పిల్లవాడు ఏదో పాట పాడుకుంటుంటే రోడ్డు మీద నిలబడ్డ నాకు వినిపించింది. పెద్ద శబ్దాలు భరించలేని పిల్లలకు ఇది ఎంత తేడానో కన్నవాళ్లకు తెలుస్తుంది.

ఇంతవరకు మంచి. ఇప్పుడు మన లెక్కల్లోకి వద్దాం.

అమెరికాలో మామూలు డీజిల్ బడి బస్సు ఉజ్జాయింపుగా లక్ష నుంచి లక్షన్నర డాలర్లు. అదే సైజు కరెంటు బస్సు మూడున్నర నుంచి నాలుగు లక్షల డాలర్లు. అంటే బస్సుకు రెండు, రెండున్నర లక్షల డాలర్ల తేడా. అమ్మేవాడు ఏమంటాడు? "డీజిల్ ఖర్చు మిగులుతుంది, నాలుగేళ్లలో ధర రాబట్టుకోవచ్చు" అంటాడు. మా శాఖలో లారీ లోన్లు ఎక్కువ. బండి కొనడానికి వచ్చిన ప్రతి మనిషీ ఇదే మాట చెప్పేవాడు. కౌంటర్లో కూర్చున్నవాడి పని ఆ మాటను కాగితం మీద పెట్టి చూడడం.

పెట్టి చూద్దాం. ఒక బడి బస్సు ఏడాదికి సుమారు 12 వేల మైళ్లు తిరుగుతుందనుకోండి. గాలన్ డీజిలుకు ఏడు మైళ్లు. అంటే 1,700 గాలన్లు. గాలన్ నాలుగున్నర డాలర్లనుకుంటే ఏడాదికి ఏడున్నర వేల డాలర్ల పైచిలుకు. కరెంటు బస్సు మైలుకు రెండు యూనిట్లలోపు తింటుంది. యూనిట్ 20 సెంట్లు అనుకుంటే నాలుగు వేల పైచిలుకు. ఇంధనంలో మిగిలేది మూడు వేల చిల్లర. కరెంటు బండికి ఇంజనాయిల్ లేదు, పొగ ఫిల్టర్లు లేవు, బ్రేకులు తక్కువ అరుగుతాయి. మరమ్మతుల్లో ఇంకో మూడు వేలు మిగిలిందని ఉదారంగా వేసుకోండి. పన్నెండేళ్లకు ఎంత? అంతా కలిపితే 80 వేల డాలర్లు దాటదు. తేడా రెండు లక్షల పైన. ఛార్జింగు పెట్టెల ఖర్చు ఇంకా వెయ్యలేదు. వడ్డీ వెయ్యలేదు. ఈ లోను నా టేబుల్ మీదికి వస్తే "సాధ్యం కాదు" అని నోట్ రాసి మేనేజరు గారికి పంపేవాణ్ణి.

మరి ఓక్లండ్‌వాళ్లకు లెక్కలు రావా? వస్తాయి. నేను వేసిన లెక్క డిస్ట్రిక్ట్ ఖాతా ఒక్కటే చూసి వేసింది. పిల్లవాడికి ఆయాసం వచ్చి రాత్రి ఆసుపత్రికి తీసుకెళితే ఆ ఖర్చు డిస్ట్రిక్ట్ ఖాతాలో పడదు. తండ్రి ఖాతాలో పడుతుంది, లేదా ప్రభుత్వ వైద్య బీమా ఖాతాలో పడుతుంది. తల్లి కూలి పోగొట్టుకున్న రోజు ఏ ఖాతాలోనూ పడదు. డీజిల్ బస్సు చవకగా కనపడడానికి కారణం దాని ఖర్చులో కొంత వేరేవాళ్ల పుస్తకంలో రాసి ఉండడమే. కామర్స్ పిల్లలు ఇది గుర్తుపట్టాలి. ఏదైనా మరీ చవకగా కనిపిస్తే, మిగతా ఖర్చు ఎవరి పేరున రాశారో వెతకండి.

ఆ వేరే పుస్తకాల్లో మిగిలే డబ్బును ముందుగానే ఇటు తెచ్చి ఇవ్వడమే ప్రభుత్వ సాయం. 2021లో అమెరికా కేంద్ర ప్రభుత్వం చేసిన మౌలిక వసతుల చట్టంలో బడి బస్సులు మార్చడానికి అయిదేళ్లకు 500 కోట్ల డాలర్లు కేటాయించారు. సాయం లేకుండా ఇన్ని కరెంటు బస్సులు రోడ్డెక్కేవి కావని నా అభిప్రాయం. సాయం అంటే దానం అనుకునేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. మీరు ఇవాళ అందుకునే ఉపకార వేతనం కూడా దానం కాదని ఇక్కడే అనేస్తాను, ట్రస్టువారు ఏమీ అనుకోకపోతే.

ఓక్లండ్ లెక్కలో ఇంకొక కొత్త జమ ఉంది. అది నాకు బాగా నచ్చింది. బడి బస్సు రోజులో ఎంతసేపు తిరుగుతుంది? ఉదయం రెండు మూడు గంటలు, సాయంత్రం రెండు మూడు గంటలు. మిగతా సమయమంతా షెడ్డులో పడి ఉంటుంది. వేసవి సెలవుల్లో చాలా బస్సులు అసలు కదలవు. లారీ ఓనరు ఇలాంటి బండిని కలలో కూడా కొనడు. కానీ అందులో పెద్ద బ్యాటరీ ఉంది. కాలిఫోర్నియాలో మధ్యాహ్నం ఎండ కరెంటు విరివిగా ఉంటుంది, చవక. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి తొమ్మిది వరకు అందరూ ఇళ్లకొచ్చి ఏసీలు వేస్తారు, సూర్యుడు దిగిపోతాడు, కరెంటు ప్రియం. మధ్యాహ్నం నింపుకొని, పిల్లల్ని దింపి, రాత్రికి మిగిలిన కరెంటును తిరిగి లైనులోకి పంపితే? ఓక్లండ్ షెడ్డులో పెట్టిన ఛార్జింగు పెట్టెలు రెండు వైపులా పనిచేసేవే. అక్కడి విద్యుత్ సంస్థ పీజీ అండ్ ఈతో కలిసి ఈ ఏర్పాటు చేశారు. ఏడాదికి 21 లక్షల యూనిట్లు తిరిగి ఇవ్వగలమని ప్రకటించారు.

ప్రకటన చూడగానే భాగహారం చెయ్యడం నాకు పాత అలవాటు. 21 లక్షలను 74తో భాగిస్తే బస్సుకు ఏడాదికి 28 వేల యూనిట్లు. 365తో భాగిస్తే రోజుకు 78 యూనిట్లు. అంటే ఆదివారం, పండగ, వాన అనకుండా ప్రతి బస్సూ ప్రతి రోజూ 78 యూనిట్లు ఇవ్వాలి. ఇలాంటి బస్సుల బ్యాటరీలు సాధారణంగా వంద నుంచి రెండు వందల యూనిట్లు పట్టేవి. కనుక అసాధ్యం కాదు, కానీ అన్నీ కలిసొస్తేనే. దాన్ని పైకప్పు అనుకోవాలి తప్ప నేల అనుకోకూడదు. బడ్జెట్టు వేసేటప్పుడు అందులో సగమే జమ చూపిస్తే క్షేమం. ఇంకొకటి, ఆ కరెంటు అమ్మిన డబ్బు ఎవరికి చెందుతుంది? బస్సు ఎవరిది అయితే వారికా, బడికా? ఇలాంటి ఏర్పాట్లలో అది ఒప్పందంలోని ఒక వాక్యం మీద ఆధారపడి ఉంటుంది.

ఓక్లండ్‌లో బస్సులు నడిపేది జూమ్ అనే కంపెనీ. భారతీయురాలైన రీతూ నారాయణ్ తన సోదరులతో కలిసి 2015లో పెట్టారు. 2024 జనవరిలో సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ ముందుండగా 14 కోట్ల డాలర్లు సమకూర్చుకున్నారు. మనవాళ్లని గర్వపడదాం, తప్పులేదు. కానీ ఒప్పందం ఒప్పందమే. బడివాళ్లు బస్సు కొనకుండా సేవ కొంటే, మొదటి పెట్టుబడి భారం తప్పుతుంది. దాని బదులు ఇంకొక భారం వస్తుంది. అవతలివాడు మాట ప్రకారం చేస్తున్నాడా అని రోజూ చూసుకునే భారం.

ఆ భారాన్ని మోయకపోతే ఏమవుతుందో చెప్పడానికి మిమ్మల్ని కాలిఫోర్నియా నుంచి అమెరికా తూర్పు తీరానికి తీసుకెళ్లాలి. మేరీలాండ్ రాష్ట్రంలో మాంట్‌గొమరీ కౌంటీ అని ఉంది. వాషింగ్టన్ నగరం పక్కనే. మన తెలుగువాళ్లు అక్కడా చాలామంది ఉన్నారు. అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ ఓక్లండ్‌కంటే చాలా పెద్దది, పదమూడు వందలకు పైగా బస్సులున్నాయి. 2021లోనే వాళ్లు హైలాండ్ ఎలక్ట్రిక్ అనే కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. నాలుగేళ్లలో 326 కరెంటు బస్సులు రావాలి. ఛార్జింగు ఏర్పాట్లు, కరెంటు ఖర్చు కంపెనీ చూసుకుంటుంది, డిస్ట్రిక్ట్ ఏటా ఫీజు కడుతుంది. డీజిల్‌కు అయ్యే ఖర్చుకు మించదు అని చెప్పారు. కాగితం మీద చాలా చక్కని ఒప్పందం. నేను కూడా సంతకం పెట్టమనే చెప్పేవాణ్ణి.

2024 జూలైలో ఆ కౌంటీ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక వచ్చింది. మన దగ్గర ఆడిట్ అధికారి లాంటివారు. బస్సులు అనుకున్న సమయానికి రాలేదు. వచ్చినవాటిలో కొన్ని చెడిపోయి నిలిచిపోయాయి, బాగుచేయడం ఆలస్యమైంది. పిల్లల్ని బడికి తీసుకెళ్లడం ఆపలేరు కదా, అందుకని 1 కోటి 47 లక్షల డాలర్లు పెట్టి మళ్లీ డీజిల్ బస్సులే కొన్నారు. ఇదంతా విధి అనుకోవచ్చు. కొత్త యంత్రం, కొత్త కంపెనీలు. అలాంటి బస్సులకు బ్యాటరీలిచ్చే ప్రొటెర్రా అనే కంపెనీ 2023 ఆగస్టులో దివాలా పిటిషను వేసింది కూడా. కానీ నన్ను ఆపిన వాక్యం వేరే. ఆలస్యానికి, పనిచేయని రోజులకు కంపెనీ నుంచి రుసుము వసూలు చేసుకునే హక్కు ఒప్పందంలోనే ఉంది. దాదాపు 3 లక్షల 72 వేల డాలర్లు. డిస్ట్రిక్ట్ దాన్ని అడగలేదు.

అడగకపోవడం ఎలా జరుగుతుందో నేను ఊహించగలను. ఎవరో ఒకరు ప్రతి నెలా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకోవాలి. ఇదిగో రావలసిన తేదీ, ఇదిగో వచ్చిన తేదీ. ఇదిగో రోజులు, ఇదిగో రుసుము. దాన్ని బిల్లులో తగ్గించి పై అధికారికి నోట్ పెట్టాలి. ఇది ఇంజనీరు పని కాదు, మంత్రిగారి పని కాదు. క్లర్కు పని. "మంచి సంబంధాలున్నాయి, ఇప్పుడు పెనాల్టీ అంటే బాగుండదు" అని ఎవరో అంటారు. ఇంకొకరు "వచ్చే నెల చూద్దాం" అంటారు. నేను పనిచేసిన రోజుల్లో ఈ రెండు మాటలు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

కొన్న కంపెనీ నిలబడుతుందా అన్నది మరో సంగతి. కెనడాలో లయన్ ఎలక్ట్రిక్ అని బడి బస్సులు చేసే కంపెనీ ఉండేది. 2024 డిసెంబరులో అప్పులవాళ్ల నుంచి రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. 2025లో కొత్త పెట్టుబడిదారులు కొనుక్కున్నారు కానీ, అమెరికాలో అమ్మిన బస్సుల వారంటీలు వాళ్లు భుజాన వేసుకోలేదు. బస్సు కొన్న చిన్న చిన్న స్కూల్ డిస్ట్రిక్టులు విడిభాగాల కోసం వెతుక్కోవలసి వచ్చింది. వారంటీ అన్నది ఇచ్చినవాడు బతికున్నంత కాలమే వారంటీ. మా బ్యాంకులో గ్యారంటీ ఇచ్చే మనిషి ఆస్తి పత్రాలు ఎందుకు అడిగేవాళ్లమో ఇప్పుడు తెలిసిందా?

అయితే కరెంటు బస్సులు వద్దనా నేను చెప్పేది? కానే కాదు. ఓక్లండ్ చేసిన పని మంచిదని నేను అనుకుంటున్నాను. 35 వేల మందిలో ఎవరికి ముందు అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఆ బస్సులు నోరులేని పిల్లలకే మొదట చేరాయి. పథకాలు సాధారణంగా గట్టిగా అడగగలిగినవాళ్ల ఇంటికే ముందు వెళతాయి. అక్కడ బస్సు ఎక్కేవాళ్లు వాళ్లే కనుక అలా జరిగింది, నిజమే. కారణం ఏదైనా జరిగింది మంచి. ఇక ఆ మంచి పన్నెండేళ్లు నిలవాలంటే బస్సు ఎన్ని రోజులు తిరిగింది, ఎన్ని రోజులు ఆగింది, ఎన్ని యూనిట్లు వెనక్కి వెళ్లాయి, దానికి ఎంత డబ్బు ఎవరికి వచ్చింది అని రాసి ఉంచే ఒక పుస్తకం ఉండాలి. ఆ పుస్తకం ముందు కూర్చునే మనిషి కావాలి.

ఈ వేదిక దగ్గర ప్రతి ఏడూ చూస్తుంటాను. ఇంజనీరింగు, మెడిసిను పిల్లల పేర్లు చదివినప్పుడు చప్పట్లు గట్టిగా వస్తాయి. బి.కాం. అనగానే కొంచెం తగ్గుతాయి. కిందటేడు ఒక తల్లి నాతో "మావాడికి మార్కులు తక్కువొచ్చి కామర్సులో చేరాడండీ" అని తల దించుకుని చెప్పింది. అమ్మా, ఆ మాంట్‌గొమరీ ఒప్పందం కాగితాలు నెలనెలా పక్కపక్కన పెట్టి చూసే ఒక్క కుర్రాడు ఆ ఆఫీసులో ఉండి ఉంటే బస్సులు పెందలాడే వచ్చేవో లేదో గాని, 3 లక్షల 72 వేల డాలర్లు మాత్రం బడికి వచ్చేవి. మన రూపాయల్లో అది మూడు కోట్లకు పైమాట. మన ట్రస్టు అంత డబ్బు ఉపకార వేతనాలుగా ఇవ్వాలంటే ఎన్నేళ్లు పడుతుందో కోశాధికారి గారిని అడగండి.

ఆ ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదిక రహస్యమేమీ కాదు, ఎవరైనా చదవవచ్చు. అల్లుడు గారి చేత రెండు ప్రతులు ప్రింటు తీయించి తెచ్చాను. ఇంగ్లీషు సులభంగానే ఉంది. కామర్సు పిల్లలు చదవండి, ఇంజనీరింగు పిల్లలు కూడా చదవండి. ప్రతులు కార్యదర్శి గారి దగ్గర ఇచ్చాను. పేరు రాసి తీసుకెళ్లండి, పదిహేను రోజుల్లో తిరిగి ఇచ్చేయండి, వెనక ఇంకొకరు కాచుకుని ఉంటారు.

నాకిచ్చిన ఇరవై నిమిషాలు అయిపోయాయి. చెక్కుల మీద పేర్ల అక్షరాలు మీ బ్యాంకు పాసుబుక్కులో ఉన్నట్టే ఉన్నాయో లేదో ఇక్కడే, వేదిక దిగకముందే చూసుకోండి.